సముద్రం లేని ఊళ్లో ఓడ సామాను



ఈసారి పోస్టు పొడవుగా ఉంటుంది. తీరిక చేసుకుని చదవండి. ఇంట్లో ఐటీఐ, డిప్లొమా చేసిన పిల్లలున్నవాళ్లు తప్పక చదవండి.

మన సంఘంలో కొన్నాళ్లుగా ఒక మాట నడుస్తోంది. "నేవీ ఓడలు ఇప్పుడు దేశంలోనే కడుతున్నారు, సామాను కూడా ఇక్కడే కొంటున్నారు, చిన్న కార్ఖానాలకు ఇదే అదను, మనవాళ్లూ దిగాలి" అని. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇల్లు బ్యాంకులో పెట్టి సీఎన్‌సీ మిషన్ తీసుకుందామనుకుంటున్నారు. సంఘం పొదుపు నిధి నుంచి కూడా కొంత అప్పుగా ఇవ్వమని అడిగారు. ఆ నిధిలో ఉన్నది ఎవరో పెద్ద దాత ఇచ్చిన సొమ్ము కాదు. భిశీ కట్టినట్టు నెలనెలా మనందరం వేసుకున్నది. బీడీలు చుట్టిన అక్కల డబ్బు అందులో ఉంది, కుట్టు మిషన్ తొక్కిన వదినల డబ్బు ఉంది. అందుకే చేతులెత్తి ఓటు వేసే ముందు, ఈ పనిలో కొంత తిరిగిన వాళ్లుగా మేము చూసింది మీ ముందు పెడుతున్నాం.

మేము నలుగురం భాగస్వాములం. అన్నదమ్ములిద్దరు, ఒక బావ, ఒక మేనల్లుడు. ఎంఐడీసీలో చిన్న షెడ్డు. మూడు లేతులు, ఒక రేడియల్ డ్రిల్లు, రెండు వెల్డింగ్ సెట్లు. చక్కెర ఫ్యాక్టరీలకు, పప్పు మిల్లులకు, జిన్నింగ్ మిల్లులకు విడిభాగాలు చేస్తాం. మధ్యమధ్య ఓడల పని కూడా చేశాం. నేరుగా షిప్‌యార్డ్‌తో కాదు. షిప్‌యార్డ్‌కు పైపులైన్ల సామాను ఇచ్చే పెద్ద కంపెనీ, దానికి పని చేసే మధ్య కంపెనీ, ఆ కింద మేము. పైపులకు ఫ్లాంజీలు, కేబుళ్లు మోసే బ్రాకెట్లు, క్లాంపులు. సముద్రం చూడాలంటే మన ఊరి నుంచి ఎటు పోయినా రోడ్డున ఐదు వందల కిలోమీటర్ల పైనే. అయినా మన చేతి పని ఎక్కడో ఓడలో ఉంటుంది.

ముందు మంచి మాట చెప్పాలి. ఓడల పనికి, మనవాళ్లకు, ఈ రాష్ట్రానికి సంబంధం పాతది. విశాఖలో షిప్‌యార్డ్ పెట్టింది సోలాపూర్‌లో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్. ఆయన సింధియా కంపెనీ తరఫున 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ పునాదిరాయి వేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి దిగింది. 1952లో ప్రభుత్వం వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు పెట్టింది. ఆ ఏడాదికి మన నాందేడ్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఇప్పుడు మన స్టేషన్ నుంచి విశాఖకు నేరుగా రైలుంది. ఇటు ముంబై మజగాన్ డాక్‌లో కట్టిన డిస్ట్రాయర్‌కు 'ఐఎన్‌ఎస్ విశాఖపట్నం' అని పేరు పెట్టి 2021 నవంబరు 21న నేవీలోకి తీసుకున్నారు. మరాఠీ గడ్డ మీద పుట్టినాయన తెలుగు గడ్డ మీద షిప్‌యార్డ్ పెట్టాడు, తెలుగు ఊరి పేరున్న ఓడ మరాఠీ గడ్డ మీద తయారైంది. రెండు భాషల మధ్య బతుకుతున్న మనకు ఇది వింటే సంతోషంగా ఉంటుంది.

దేశంలో కొంటున్నారన్న మాట కూడా నిజమే. 1971లో నేవీలో చేరిన పాత 'నిస్తార్' సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న ఓడ. అదే పేరుతో కొత్త డైవింగ్ సపోర్ట్ ఓడను విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టి 2025 జులై 18న నేవీలో చేర్చుకున్నారు. అందులో 120 చిన్న, మధ్యతరహా సంస్థల పని ఉందని ప్రభుత్వమే చెప్పింది. కొచ్చిలో కట్టిన విమానవాహక నౌక విక్రాంత్‌లో 550 దాకా సంస్థలు పాలుపంచుకుంటే, వాటిలో సుమారు 100 చిన్న, మధ్యతరహావి. అంటే తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు దాటాక ఎన్నాళ్లు నిలబడాలి, ఎవరి డబ్బుతో నిలబడాలి అన్నదే అసలు ప్రశ్న.

ఓడ కొనడం ఎలా జరుగుతుందో తెలియకపోతే ఈ ప్రశ్న అర్థం కాదు. నేవీకి ఓడ కావాలంటే మొదట రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ "అవును, ఇది అవసరమే" అని ఒప్పుకోవాలి. తర్వాత షిప్‌యార్డ్‌లను ధర అడుగుతారు. సాంకేతిక పరిశీలన, ధర బేరం, ఆర్థిక శాఖ అనుమతి, పెద్ద మొత్తమైతే కేంద్ర మంత్రివర్గంలోని భద్రతా కమిటీ అనుమతి. అప్పుడు సంతకాలు. ఈ దారికి డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్ ఆధారం. మరమ్మతులకు, విడిభాగాలకు వేరే మాన్యువల్ ఉంది. సంతకాలయ్యాక షిప్‌యార్డ్ టెండర్లు వేస్తుంది. వాటిని గెలిచిన కంపెనీలు కింది కంపెనీలకు పని పంచుతాయి. మన దగ్గరికి వచ్చేసరికి అది ఒక డ్రాయింగు, ఒక పర్చేజ్ ఆర్డరు, "అర్జెంటు" అనే ఒక ఫోను.

ఈ వరుసలో ఎంత కాలం పడుతుందో చూడండి. కొత్త నిస్తార్, దాని జోడీ నిపుణ్ ఓడలకు ఒప్పందం 2018 సెప్టెంబరులో కుదిరింది. రెండూ 2022 సెప్టెంబరులో నీళ్లలోకి దిగాయి. నిస్తార్ నేవీ చేతికి అందింది 2025 జులైలో. దాదాపు ఏడేళ్లు. విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లు నాలుగింటికి ఒప్పందం 2011 జనవరిలో అయింది. మొదటిది 2021లో చేరింది, నాలుగోదైన సూరత్ 2025 జనవరిలో. పద్నాలుగేళ్లకు నాలుగు ఓడలు. ఇది తప్పని అనడం లేదు. యుద్ధనౌక అంటే అపార్ట్‌మెంట్ కట్టడం కాదు. కానీ నాలుగు ఓడలకు కావలసిన ఒక రకం బ్రాకెట్లు ఎన్ని ఉంటాయి? కొన్ని వందలు. వాటికి జిగ్గు చేసి, ఫిక్స్చర్ చేసి, పిల్లలకు పని నేర్పి, మొదటి లాటు ఇచ్చాక రెండో లాటు ఎప్పుడొస్తుంది? రెండేళ్లకు రావచ్చు, నాలుగేళ్లకు రావచ్చు. అప్పటికి డ్రాయింగ్ మారి ఉండవచ్చు. పప్పు మిల్లువాడు మాత్రం ప్రతి సీజన్‌కు వస్తాడు.

హిందుస్థాన్ షిప్‌యార్డ్ వంటి పెద్ద సంస్థే ఆర్డర్లు లేక ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచింది. 2010లో షిప్పింగ్ శాఖ నుంచి రక్షణ శాఖ కిందికి మార్చారు. 2023 ఆగస్టులో ఐదు ఫ్లీట్ సపోర్ట్ ఓడలకు సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం వచ్చాక దాని బతుకు గాడిన పడింది. షిప్‌యార్డ్ అయితే ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ కరువు రోజులు తట్టుకుంది. ఆ కరువులో దాని కింద పనిచేసే చిన్న షెడ్డును నిలబెట్టడానికి ఏ శాఖా రాదు.

ఇప్పుడు మా లెక్క. కంపెనీ పేరు చెప్పం, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇది ఒక్క కంపెనీ గుణం కాదు, వరుస మొత్తానికి ఉన్న గుణం.

ఒక లాటు స్టెయిన్‌లెస్ ఫ్లాంజీలు. ఆర్డర్ విలువ 6,40,000. మెటీరియల్‌కు 3,80,000. కూలి, కరెంటు, టెస్టింగ్, రవాణా కలిపి 1,90,000. మిగిలేది 70,000 అని కాగితం మీద రాసుకున్నాం. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ అప్పటికే నిండి ఉంది. మెటీరియల్ డబ్బు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. రెండో నెలకల్లా ముక్కలు తయారు. తనిఖీకి ఇన్‌స్పెక్టర్ రావాలి. ఆయన మనొక్కరి కోసం ముంబై నుంచి రాడు, ఈ వైపు నాలుగు పనులు కలిసినప్పుడు వస్తాడు. ఆయన వచ్చేలోపు డ్రాయింగ్ మారింది. రంధ్రాల మధ్య దూరం కొద్దిగా మార్చారు. పాత డ్రాయింగ్ ప్రకారం చేసిన వాటిలో కొన్ని మళ్లీ చేయాల్సి వచ్చింది. నాలుగో నెల చివర లారీ ఎక్కించాం. బిల్లు వేశాం. మరుసటి నెల జీఎస్టీ కట్టాలి. 18 శాతం చొప్పున 1,15,200. మెటీరియల్ మీద కట్టిన 68,400 పోను 46,800 మా జేబులోంచి కట్టాం. బిల్లు డబ్బు మాత్రం పదకొండో నెల చివర వచ్చింది. మెటీరియల్ అప్పుకు పదకొండు నెలల వడ్డీ 83,600. లాభం అనుకున్నది 70,000. మొత్తం మీద 13,600 చేతి నుంచి పడింది. మళ్లీ చేసిన ముక్కల కూలి ఇందులో లెక్క వేయలేదు.

ఆ ఏడు నెలలు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు. "పైనుంచి రాలేదు దాదా, రాగానే వేస్తాం." అబద్ధం కాకపోవచ్చు. వాళ్లకూ పైనుంచి రాలేదేమో. షిప్‌యార్డ్‌కు మాత్రం నేవీ దశలవారీగా చెల్లిస్తుంది. సంతకాలప్పుడు కొంత, స్టీల్ కోసినప్పుడు కొంత, కీల్ వేసినప్పుడు కొంత, నీళ్లలోకి దించినప్పుడు కొంత. ఓడకు దశలున్నాయి, మన ఫ్లాంజీకి లేవు. పై మెట్టు మీద ఉన్నవాడి ఆలస్యం ఒక్కో మెట్టు దిగుతూ వచ్చి అట్టడుగున ఉన్న షెడ్డులో కూర్చుంటుంది. మా బావ అన్నట్టు, ఓడ పైసలు బొంబాయిలో ఉంటే దాని వడ్డీ నాందేడ్‌లో కడుతున్నాం.

నాణ్యత విషయంలో నేవీ పట్టుదలను మేము తప్పుపట్టం. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ఉప్పునీళ్లలో, ఇంజిన్ వణుకులో, బాంబు పేలుడు అదురులో ఆ పైపు నిలవాలి. లోపల వందల మంది పిల్లలుంటారు. అందుకే ప్రతి ముక్కకు అది ఏ పోత నుంచి వచ్చిందో చెప్పే హీట్ నంబరు ఉండాలి, మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌తో అది సరిపోవాలి. రాడ్డును నాలుగు ముక్కలు చేస్తే నాలుగింటి మీదా ఆ నంబరు పంచ్ చేయాలి, అదీ ఇన్‌స్పెక్టర్ ముందు. ఎలక్ట్రానిక్ సామానైతే జేఎస్‌ఎస్ 55555 అనే సైనిక ప్రమాణం ప్రకారం వేడి, తేమ, అదురు పరీక్షలు పాసవ్వాలి. ఆ పరీక్షల ఖర్చే ఒక్కోసారి ఆర్డర్ విలువను మించిపోతుంది. ఈ క్రమశిక్షణ నేర్చుకున్నాక మా చక్కెర ఫ్యాక్టరీ పని కూడా బాగుపడింది. కాగితాలు సరిగ్గా పెట్టడం వచ్చింది, వెల్డర్ల చేతి పని మెరుగైంది. అది లాభమే, మా ఖాతాలో దాన్నీ జమ వేసుకుంటాం.

ఒక సంగతి పక్కన పెట్టి చూడండి. విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేక స్టీల్ రష్యా నుంచి రావడం కష్టమైనప్పుడు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ పరిశోధనశాల, స్టీల్ అథారిటీ కలిసి డీఎంఆర్ 249 అనే స్టీల్‌ను తయారు చేశాయి. విక్రాంత్‌కు దాదాపు 30,000 టన్నుల స్టీల్ బొకారో, భిలాయ్, రూర్కెలా ప్లాంట్ల నుంచి వెళ్లింది. 2014లో విశాఖలో నేవీలో చేరిన కమోర్తా కూడా ఆ స్టీల్‌తోనే కట్టారు. ఇది మనందరం గర్వపడే పని. ఇది ఎందుకు సాధ్యమైంది? ఏళ్ల తరబడి ప్రయోగం చేసినా పరిశోధనశాలలో జీతాలు ఆగలేదు. మొదటి పోత చెడినా స్టీల్ ప్లాంటు మూతపడలేదు. వాళ్లకు ఓపిక పట్టే స్తోమతు ఉంది. కొత్త వస్తువు తయారు చేయడానికి తెలివి ఎంత కావాలో, ఆగగలిగే స్తోమతు అంతే కావాలి. మన పిల్లలకు మొదటిది ఉంది. రెండోది వదిన గారి పుస్తెలతాడు గోల్డ్ లోన్‌లో పెడితే వచ్చేది.

ఇది మన దేశం గొడవ మాత్రమే కాదు. అమెరికాలో 1980లలో నేవీ సబ్‌మెరైన్లకు సామాను ఇచ్చే సంస్థలు సుమారు 17,000 ఉండేవని, ఇప్పుడు 5,000 దగ్గరికి తగ్గాయని అక్కడి నేవీ అధికారులే చెప్పుకుంటున్నారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ఆర్డర్లు పడిపోయినప్పుడు చిన్న షాపులు మూతపడ్డాయి. ఇప్పుడు సబ్‌మెరైన్లు త్వరగా కావాలంటే వాల్వు చేసేవాడు దొరకడం లేదు. అక్కడే కాన్‌స్టెలేషన్ అనే ఫ్రిగేట్‌ను డిజైన్ పూర్తికాకముందే 2022లో కట్టడం మొదలుపెట్టారు. డ్రాయింగులు మారుతూ పోయి మొదటి ఓడ మూడేళ్లు వెనకబడింది. మాకు డ్రాయింగ్ మారిన నెలలో ఆ వార్త తెలిసి ఉంటే కొంచెం ఊరట కలిగేది.

మరి మనకు చట్టం లేదా అంటే ఉంది, మంచి చట్టమే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం. ప్రతి కార్ఖానాదారు ఈ నాలుగు సంగతులు గోడకు రాసి పెట్టుకోవాలి.

సామాను అందాక 15 రోజుల్లో కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఒప్పుకున్నట్టే లెక్క. ఫోన్‌లో చెప్పింది అభ్యంతరం కాదు.

మీ ఇద్దరి మధ్య ఏ ఒప్పందం ఉన్నా, చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. "పైనుంచి వచ్చాక ఇస్తాం" అన్న షరతు ఈ గడువును జరపలేదు.

గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలా అసలులో కలుపుకుంటూ ఇవ్వాలి.

ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దాన్ని ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో 2023లో ఒక నిబంధన చేర్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో చెల్లించకపోతే, చెల్లించే దాకా ఆ ఖర్చును కొన్నవాడు తన పన్ను లెక్కలో చూపుకోలేడు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ట్రెడ్స్ వేదికల్లో నమోదు కావాలి. అక్కడ కొన్నవాడు మన బిల్లును ఒప్పుకుంటే బ్యాంకు కొంత తగ్గించి వెంటనే డబ్బు ఇస్తుంది. ప్రభుత్వ సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలని నియమం ఉంది. అందులో 3 శాతం మహిళల సంస్థలకు, 4 శాతం ఎస్సీ, ఎస్టీలవాటికి. టెండర్ ధరావతు కూడా మినహాయింపు. రక్షణ శాఖ 2025 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్‌లో, దేశంలో కొత్తగా తయారు చేసే వస్తువులకు అభివృద్ధి దశలో ఆలస్యపు జరిమానా లేకుండా చేశారు, ఐదేళ్ల దాకా ఆర్డర్ హామీ ఇచ్చే వీలు పెట్టారు.

ఇన్ని ఉన్నా పదకొండో నెల దాకా మేము ఎందుకు ఆగాం? ఈ ప్రశ్న మా మేనల్లుడే అడిగాడు. "మామా, చట్టం మన దిక్కే ఉంది కదా, కేసు వేద్దాం" అన్నాడు. కేసు వేసినవాడికి రెండో ఆర్డర్ రాదు. ఆ కంపెనీతో పోదు, దాని మాట వినే ఇంకో మూడు కంపెనీలతో కూడా పోతుంది. మన చేతిలో చట్టం ఉంది, వాళ్ల చేతిలో డ్రాయింగ్ ఉంది. కొందరు కొనుగోలుదారులు ఇప్పుడు బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయొద్దని మెల్లగా చెబుతున్నారు. కొత్త పన్ను నిబంధన తమకు తగలకుండా. ఒంటరిగా ఉన్న షెడ్డు ఆ మాటకు కాదనలేదు. కొత్త మాన్యువల్‌లోని సదుపాయాలు కూడా నేరుగా ప్రభుత్వంతో ఒప్పందం ఉన్నవాడికి అందుతాయి. మూడో మెట్టు మీద ఉన్న మనకు పై కంపెనీ రాసిన షరతులే వర్తిస్తాయి. వాటిలో వారానికి అర శాతం ఆలస్యపు కోత అలాగే ఉంటుంది.

ఈ మాటలు పెద్దవాళ్లకు కొత్తగా అనిపించవు. మన తాతలు కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి ఈ ఊరికి వచ్చింది ఉస్మాన్‌షాహీ మిల్లు సైరన్ విని. ఒక్క మిల్లు, వేల బతుకులు. మిల్లు నడిచినన్నాళ్లు బాకీ అంటే తెలియదు. మిల్లు మూతపడ్డాక ఏ ఇంట్లో ఏం జరిగిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మగ్గం తెలిసిన చేతులు ఆటో తోలాయి, హమాలీ చేశాయి. పనితనం తక్కువై అట్లా కాలేదు. కొనేవాడు ఒక్కడే కావడం వల్ల అయింది. యుద్ధనౌకలు కొనేవాడు కూడా దేశంలో ఒక్కడే. ఎంత మంచివాడైనా, ఎంత పెద్దవాడైనా, ఒక్కడే. ఆయనకు ఈ ఏడాది బడ్జెట్ జరిగితే మన పొయ్యి వచ్చే ఏడాదికి జరుగుతుంది.

కాబట్టి పిల్లలకు ఏం చెప్పాలి? "వద్దు" అని చెప్పమని మేము అనడం లేదు. మేము కూడా ఆ పని మానలేదు. మానితే ఆ క్రమశిక్షణ పోతుంది, రేపు నిజంగా పెద్ద పని వచ్చినప్పుడు మన పేరు ఎవరి జాబితాలోనూ ఉండదు. కానీ మాకు ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది. ఏడాది టర్నోవర్‌లో నాలుగో వంతు దాటి రక్షణ పని తీసుకోం. మెటీరియల్‌కు బయటి వడ్డీ డబ్బు వాడం. కొనేవాడే మెటీరియల్ ఇచ్చి, కూలికి మాత్రమే చేయమంటే ముందు ఆ పని ఒప్పుకుంటాం. లాభం తక్కువ కానీ రాత్రి నిద్ర ఉంటుంది. డ్రాయింగ్ మారితే మళ్లీ చేసే ఖర్చు ఎవరిదో ఆర్డర్‌లోనే రాయించుకుంటాం. రాయనంటే చేయం.

సంఘం నిధి గురించి మా అభిప్రాయం ఇది. ఒక పిల్లవాడి మిషన్‌కు ఆ డబ్బు ఇవ్వొద్దు. మిషన్ కొనడానికి బ్యాంకులున్నాయి, ముద్ర ఉంది, ఖాదీ బోర్డు పథకాలున్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి కొనే మిషన్‌కు ముందు చక్కెర ఫ్యాక్టరీలో, జిన్నింగ్‌లో పని చూపించాలి. ఓడ పని ఆ మీద వచ్చేది కావాలి. నిధిలో చిన్న భాగం పక్కన పెట్టి, బిల్లు అయి డబ్బు రాని సభ్యుడికి మాత్రమే, సామాను అందినట్టు సంతకమైన చలాను చూసి, తక్కువ వడ్డీకి మూడు నాలుగు నెలలు ఇద్దాం. అప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీ నుంచి ఆ ఇల్లు తప్పించుకుంటుంది. నిధికీ చేతిలో ఒక బిల్లు ఉంటుంది. ఎంత ఇవ్వాలి, ఎవరి హామీ ఉండాలి అన్నది కమిటీలోని అక్కలే నిర్ణయించాలి. డబ్బు ఎక్కువగా వాళ్లదే.

ఇంకో మాట. ఒక్కో షెడ్డు ఒంటరిగా ఫోన్ చేస్తే "పైనుంచి రాలేదు" అన్న జవాబు వస్తుంది. మన ఊళ్లో మనవాళ్ల కార్ఖానాలు పది పన్నెండు ఉన్నాయి. బాకీల జాబితా సంఘం లెటర్‌హెడ్ మీద, 45 రోజుల చట్టం సెక్షన్ నంబర్లతో, మర్యాదగా పంపితే ఎవరినీ బ్లాక్‌లిస్ట్ చేయలేరు. పన్నెండు మందిని ఒకేసారి వదులుకుంటే వాళ్ల ఓడ ఆగుతుంది కదా. ఇన్‌స్పెక్టర్ కూడా అంతే. మన నాలుగు షెడ్లు ఒకే వారం తనిఖీ అడిగితే ఆయన మన కోసమే వస్తాడు. ఇవి చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఖర్చు కూడా లేదు.

మీకు వేరే అభిప్రాయం ఉంటే కింద రాయండి. ఓడ పని చేసి లాభపడ్డవాళ్లు ఉంటే తప్పకుండా రాయండి, అది కూడా పిల్లలకు తెలియాలి. ఎవరి చేతికైనా ఇలాంటి ఆర్డర్ వచ్చి ఉంటే, సంతకం పెట్టే ముందు డ్రాయింగు, పర్చేజ్ ఆర్డరు పట్టుకుని ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసుకు రండి. మేము అక్కడే ఉంటాం. షరతులు ఒక్కొక్కటి తెలుగులో చదివి చెబుతాం. ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా వెంట తెచ్చుకోండి.